రోల్‌ప్లేయింగ్ ఆటలో ఆటగాడి కోరికనీ, పాత్ర అవసరాన్నీ కథకి ఎలా ముడివేయాలి?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో కోనసీమలో దిగే కుర్రాళ్ళ బ్యాగుల్లో ఇప్పుడు పేకముక్కలతో పాటు ఇరవై ముఖాల పాచికలు కూడా కనిపిస్తున్నాయి. నాకు చాలా సంతోషం. కానీ ఆ ఆటలు చాలావరకు రెండో రాత్రికే ఆగిపోతున్నాయి. ఒకడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు, ఇంకొకడు ప్రతి మనిషితోనూ కత్తి దూస్తాడు, మూడోవాడు 'నా పాత్ర ఇక్కడి నుంచి వెళ్ళిపోతుంది' అంటాడు. రూల్స్ సరిగ్గా తెలియకపోవడం వల్ల ఇలా అయిందని అందరూ అనుకుంటారు. రూల్స్‌కీ దీనికీ సంబంధం లేదు. ఆటగాళ్ళు ఏం ఆశించి కూర్చున్నారో, వాళ్ళ పాత్రలు ఎందుకు బయల్దేరాయో ఎవరూ ముందుగా తేల్చుకోలేదు, అంతే. ఆ తేల్చుకునే పద్ధతే ఇది.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, ఆ మనిషిని జీఎం అంటారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెబుతారు. పని అవుతుందో కాదో అనుమానం ఉన్నచోట పాచికలు వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ పద్ధతి అచ్చులోకి వచ్చింది. మీరు ఏ రూల్స్ పుస్తకం వాడినా నేను చెప్పేది వర్తిస్తుంది.

కావలసినవి

నలుగురు, లేదా అయిదుగురు ఆటగాళ్ళు. ఆరో మనిషి వస్తానంటే వచ్చే పండక్కి రమ్మనండి. పాచికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లేకపోతే ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసుకోండి, తీసిన చీటీ మళ్ళీ గ్లాసులో పడాలి. ఫోన్‌లో పాచికల యాప్ వద్దు. ఫోన్ చేతిలోకి వచ్చాక మనిషి ఆటలో ఉండడు. తెల్లకాగితాలు, పెన్సిళ్ళు. తినడానికి జంతికలు, అటుకుల మిక్చరు. కాకినాడ కాజాలు ఆట అయ్యాకే తీయండి, పాకం అంటిన వేళ్ళతో కాగితాలు ముట్టుకోకూడదు.

రోజుల లెక్క ఇది: భోగి రాత్రి మాటలు మాత్రమే, ఆట లేదు. ఆడేవాళ్ళు దీన్ని సెషన్ జీరో అంటారు. సంక్రాంతి రాత్రి సగం కథ, కనుమ రాత్రి మిగతా సగం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ఆ రాత్రి ఎవరూ బస్సెక్కరు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళినవాళ్ళు కూడా భోజనాల వేళకి ఇల్లు చేరతారు.

1. ముందు కథని ఒక పేజీలో రాసుకోండి

కథ ముందు, పాత్రలు తర్వాత. ఈ వరస మార్చొద్దు. ఎవరికి నచ్చిన పాత్రని వాళ్ళు చేసుకొచ్చాక, వాళ్ళందరికీ సరిపోయే కథ అల్లుకుందాం అనే పద్ధతి ఒకటి ఉంది. వారం వారం ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళకి అది పనికొస్తుంది. రెండు రాత్రుల ఆటలో ఆ అల్లిక పూర్తయ్యేసరికి పండగ అయిపోతుంది.

ఈ వ్యాసం మొత్తానికీ ఒకే ఉదాహరణ తీసుకుంటాను. కథ పేరు దొంగ ఉప్పు. కాలం 1839 నవంబరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1805 నుంచీ ఉప్పు మీద ఈస్టిండియా కంపెనీదే గుత్తాధికారం. కోటిపల్లి రేవు నుంచి ఒక ఖాళీ పడవ రాత్రిపూట గౌతమిలో దిగువకి పోవాలి. యానాం పక్కనుంచి చప్పుడు కాకుండా జారుకుని కోరంగి పాయలోకి తిరగాలి. మడ అడవుల చాటున ఉప్పు ఎక్కించుకుని, సముద్రం పోటు మీద ఉన్నప్పుడే ఆ నీటి ఊతంతో ఎగువకి వచ్చెయ్యాలి. యానాం ఫ్రెంచివాళ్ళది, చుట్టూ ఉన్న నేల ఇంగ్లీషువాళ్ళది. కాబట్టి గట్టుకి ఒక చట్టం. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా లేదు, కాటన్ దొర దాన్ని మొదలుపెట్టేది 1847లో. కథ జరిగే ఆ 1839 నవంబరులోనే, 25న కోరంగి రేవుని ముంచెత్తిన తుఫాను రాబోతోంది.

ఈ పేజీలో మూడు పేర్ల కింద గీత గీసుకోండి, తర్వాత వాటితోనే పని. ఉప్పు కొనే కోటిపల్లి సావుకారు. కోరంగి వైపు కాపలా ఉండే ఉప్పు జవాను. కోరంగి రేవులో మరమ్మతుకి ఆగిన ఓడ. కథలో మీకు ఇంకా ఎంతమంది ఉన్నా సరే, పాత్రల్ని ముడివేయడానికి మూడు కొయ్యలు చాలు. ఎక్కువైతే ఎవరు దేనికి ముడిపడ్డారో మీకే గుర్తుండదు.

2. ఆటగాళ్ళని విడివిడిగా అడగండి

'ఎలాంటి ఆట కావాలి?' అని అడగొద్దు. మన ఇళ్ళల్లో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు, 'ఏదైనా పర్లేదు.' పెద్దవాళ్ళు అడిగితే చిన్నవాళ్ళకి మొహమాటం, చిన్నవాళ్ళు అడిగితే పెద్దవాళ్ళకి లెక్కలేదు. వాట్సాప్ గ్రూపులో ప్రశ్నలు పెట్టడం ఇంకా దండగ. మొదట ఎవరు ఏం రాస్తే మిగతావాళ్ళంతా దాని కింద బొటనవేలు పెట్టి ఊరుకుంటారు.

ఒక్కొక్కరినీ అరుగు మీదో పెరట్లోనో పట్టుకుని, టీ తాగుతూ ఇలా అడగండి: 'ఈమధ్య చూసిన సినిమాలో ఏ సీను గురించి మర్నాడు కూడా మాట్లాడావు?' మా చిన్నాన్న కొడుకు కొట్లాట సీను చెబుతాడు. మా పెద్దమ్మ కూతురు ఒక ఆడమనిషి నలుగురి ముందు నిలబడి నిలదీసిన సీను చెబుతుంది. మా బావగారికి దొంగతనం ఎలా ప్లాన్ చేశారన్నదే కావాలి. మా మేనల్లుడికి కామెడీ తప్ప ఇంకేం గుర్తుండదు. ఒక్కొక్కరి పేరు పక్కన ఒక్క మాట రాసుకోండి: కొట్లాట, నిలదీత, పథకం, నవ్వు.

తర్వాత అడగాల్సింది, 'ఏం జరుగుతుంటే నీకు బోరు కొడుతుంది?' నచ్చేది చెప్పడానికి సిగ్గుపడే మనిషి కూడా నచ్చనిది టకటకా చెప్పేస్తాడు. చివరగా, 'నీ పాత్ర మధ్యలో చచ్చిపోతే బాధపడతావా?' దీనికి 'లేదు లేదు' అని నవ్వుతూ చెప్పినా మొహం చూడండి.

3. వద్దనుకున్నవి చీటీల మీద రాయించండి

భోగి రాత్రి అందరూ కూర్చున్నాక, ఆటలో రాకూడదనుకున్న విషయాలు చీటీల మీద పేరు లేకుండా రాయించి కలిపేయండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, 'మనలో మనకి ఏముంది' అని. మన డెల్టాలో అలా దాటేయకూడదు. కథలో తుఫాను ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానులో మనిషినో, ఇంటినో, కొబ్బరితోటనో పోగొట్టుకున్న కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. 1986 గోదావరి వరద నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి చూపించే పెద్దవాళ్ళున్నారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన వార్త టీవీలో చూసి, అప్పటి నుంచి పంటు ఎక్కాలంటేనే భయపడే పిల్ల మీ బల్ల దగ్గరే ఉండొచ్చు. వాళ్ళ ముందు పడవ తిరగబడే సీను హఠాత్తుగా పెట్టడం అన్యాయం.

ఒక్క చీటీలో 'పడవ మునగడం వద్దు' అని వచ్చినా కథలోంచి అది తీసేయండి. ఎవరు రాశారని అడగొద్దు, కళ్ళతో వెతకొద్దు. తుఫాను ఉంటుంది, పడవ గట్టుకి చేరాకే వస్తుంది. కథకి వచ్చే నష్టం ఏమీ లేదు. ఆట మధ్యలో ఇబ్బంది వస్తే చెప్పుకోవడానికి జాన్ స్టావ్‌రోపౌలోస్ తయారుచేసిన ఎక్స్ కార్డు పద్ధతి వాడండి. ఇంటూ గుర్తు వేసిన కాగితం బల్ల మధ్యలో ఉంటుంది, ఎవరు దాన్ని ముట్టుకున్నా కారణం అడక్కుండా ఆ సీను వదిలేసి ముందుకెళ్ళాలి.

4. ఏం ఆట ఆడబోతున్నారో పైకి చదవండి

నాలుగు వాక్యాలు చాలు. నాది ఇలా ఉంటుంది: 'ఇది రాత్రిపూట దొంగచాటుగా ఉప్పు మోసే కథ. దాక్కోవడం, మాటలతో తప్పించుకోవడం ఎక్కువ, కొట్లాట ఒకటి రెండు సార్లే. తుఫాను వస్తుంది, మీకు తెలుసు, మీ పాత్రలకి తెలియదు. పాత్రలు చచ్చిపోవచ్చు.'

తుఫాను సంగతి ముందే చెప్పేస్తే మజా ఏముందని అడిగేవాళ్ళుంటారు. మజా ఉండేది అప్పుడే. పడవ వాళ్ళు 'ఇంకో రెండు బస్తాలు ఎక్కిద్దాం' అంటుంటే, రాబోయేది తెలిసిన ఆటగాడికి గుండె దడ పుడుతుంది. తెలియనివాడికి అవి రెండు బస్తాలు, అంతే. పైగా దొంగ ఉప్పు అని చెప్పి కూర్చోబెట్టి, సగంలో దాన్ని తుఫాను కథ చేస్తే, పథకం కోసం వచ్చిన మా బావగారికి వేసుకున్న పథకమంతా గాలికి పోయినట్టు ఉంటుంది. తుఫాను ఉందని తెలిస్తే ఆయన దాన్ని కూడా లెక్కలో వేసుకునే పథకం వేస్తాడు.

5. పాత్రలు పంచండి

ఇది పావుగంట పని. ఆ కాలంలో ఆ రేవుల్లో నిజంగా ఉండే మనుషుల్ని చీటీల మీద రాసి పెట్టుకోండి: పడవ నడిపే సరంగు, దొరలకీ మనవాళ్ళకీ మధ్య మాటలు తర్జుమా చేసే యానాం దుబాసీ, ఓడల వడ్రంగి, మంత్రసాని, కంపెనీ బట్ట కొనడం మానేశాక మగ్గం ఆగిపోయిన ఇంజరం నేతగాడు, జమీందారు దగ్గర కొలువు పోయిన బంట్రోతు. నచ్చింది తీసుకోమనండి. శాపం తగిలిన రాజకుమారులు, హిమాలయాల్లో తపస్సు చేసి వచ్చినవాళ్ళు ఈ పడవలో ఎక్కరు. పాత్ర గతం మూడు పంక్తులు మించొద్దు. ఆరు పేజీల గతం రాసుకొచ్చినవాడు ఆట బదులు ఆ ఆరు పేజీలూ చదివి వినిపించాలని చూస్తాడు.

6. ముడి వేయండి

ఇక అసలు పని ఇదే. పైవన్నీ ఎంత బాగా చేసినా ఇది చెడితే మొత్తం చెడుతుంది. దీనికి భోగి రాత్రి కనీసం గంట కేటాయించండి, తొందర పెట్టొద్దు.

మొదట ఒక సంగతి గట్టిగా పట్టుకోండి. ఆటగాడి కోరిక వేరు, పాత్ర అవసరం వేరు. కోరిక, ముక్కనుమ నాడు బెంగళూరు బస్సెక్కబోయే మా చిన్నాన్న కొడుకుది. అవసరం, మగ్గం ఆగిపోయిన ఇంజరం నేతగాడిది. ఎలాంటి సీన్లు పెట్టాలో కోరిక చెబుతుంది. ఆ సీనులోకి పాత్ర ఎందుకు అడుగుపెడుతుందో అవసరం చెబుతుంది. ఈ రెండూ కలిపేసే జీఎంలనే నేను ఎక్కువగా చూస్తున్నాను.

కలిపేస్తే ఏమవుతుందో చూడండి. మావాడికి కొట్లాట ఇష్టం, తీసుకున్నది నేతగాడి పాత్ర. 'నేతగాడు కదా, నెమ్మదస్తుడు' అనుకుని జీఎం వాడికి నూలు బేరాలు, మగ్గం కబుర్లు పెడితే, మావాడు పది నిమిషాల్లో ఫోన్ తీస్తాడు. 'వీడికి కొట్లాట ఇష్టం కదా, పాత్రకీ అదే పిచ్చి ఉందనుకుందాం' అంటే, నేతగాడు రేవులో ఎదురైన ప్రతి జవాను మీదా కలబడతాడు, పడవ కోటిపల్లి దాటదు. సరైన దారి మూడోది. నేతగాడికి గొడవలంటే భయం. కానీ వాడి అవసరం వాణ్ణి తీసుకెళ్ళి కలబడక తప్పని చోట నిలబెట్టాలి. అప్పుడు మావాడికి కొట్లాట దొరుకుతుంది, నేతగాడికి కలబడ్డానికి కారణం దొరుకుతుంది.

ఆ అవసరాన్ని ఎలా రాబట్టాలి? 'నీ పాత్ర ఈ పడవ ఎందుకు ఎక్కింది?' అని అడిగితే మొదట వచ్చే జవాబు డబ్బు. డబ్బుని ఒప్పుకోవద్దు. తుపాకీ ఎదురైనప్పుడు, డబ్బు కోసం వచ్చిన మనిషి వెనక్కి పోతాడు, పోవడమే తెలివైన పని కూడా. అప్పుడు కథ సాగడం కోసం మీరు బతిమాలుకోవాలి. రెండో జవాబు పగ: 'మా అమ్మానాన్నల్ని చంపేశారు.' చంపినవాడు కథలో లేడు. ఉప్పు పడవ ఎక్కితే ఆ పగ తీరదు. ఇలాంటి జవాబు వస్తే కాదని కొట్టేయకండి, ఇంకో ప్రశ్న వేయండి. మా అరుగు మీద ఇలా నడిచింది:

'డబ్బు కోసం అన్నయ్యా.'

'డబ్బు దేనికిరా?'

'అప్పుంది. సావుకారుకి కట్టాలి.'

'ఏ సావుకారు? ఈ ఉప్పు కొనే కోటిపల్లి సావుకారేనా?'

'ఆ, ఆయనే అనుకో.'

'కట్టకపోతే ఏం చేస్తాడు?'

'మగ్గం పట్టుకుపోతాడు.' ఒక్క క్షణం ఆగాడు. 'కాదు, పట్టుకుపోయాడు. మా నాన్న మగ్గం. ఆయన కొట్టు వెనకాల పడుంది.'

'ఉప్పు తెస్తే?'

'ఇచ్చేస్తానన్నాడు. పున్నమి దాటితే వంటచెరకు కింద అమ్మేస్తాడట.'

ఆ పట్టుకుపోయాడన్న మాట వాడి నోటి నుంచే వచ్చింది. నేను చెప్పి ఉంటే వాడు తలూపి మర్నాటికి మర్చిపోయేవాడు. జీఎం కారణాలు రాసి పంచిపెట్టకూడదు, ప్రశ్నలే వేయాలి. మరీ ఏమీ తోచని మనిషికి రెండు దారులు చూపించి ఎంచుకోమనొచ్చు, అంతకు మించి వద్దు.

వచ్చిన కారణం పనికొస్తుందో లేదో చూడటానికి నేను వెతికేది ఇది. దాని రెండో కొస మీరు గీత గీసుకున్న మూడింటిలో ఒకదానికి తగలాలి. నేతగాడిది సావుకారుకి తగిలింది. మా పెద్దమ్మ కూతురు మంత్రసాని పాత్ర తీసుకుంది, మారిషస్‌కి కూలీగా వెళ్ళిన తమ్ముడి కబురు తెలియాలంది. ఆ కబురు తెలిసిన మనిషి కోరంగిలో మరమ్మతుకి ఆగిన ఓడ మీద ఉన్నాడు, ముడి ఓడకి పడింది. తర్వాత చూడాల్సింది, ఇంట్లో కూర్చుంటే ఆ పని జరిగే వీలుండకూడదు. ఓడ మీద మనిషే కోటిపల్లి వచ్చి కబురు చెప్పి పోగలిగితే మంత్రసాని పడవ ఎక్కక్కర్లేదు. అతనికి జ్వరం, ఓడ దిగలేడు అంటే చాలు. ఇక గడువు. గడువు లేని అవసరం రేపటికి వాయిదా పడుతుంది. పున్నమి, ఓడ బయల్దేరే రోజు, పోటు ఎక్కే ఘడియ, ఏదో ఒకటి పెట్టండి.

ఇవన్నీ కుదిరినా ఆటని కూల్చగలిగేది ఇంకొకటుంది. ఒంటరి పాత్ర. 'నా మంత్రసాని ఎవరినీ నమ్మదు, ఎవరితోనూ కలవదు' అంటుంది మా పెద్దమ్మ కూతురు. వినడానికి గంభీరంగా ఉంటుంది, ఆటలో నరకం. మిగతా ముగ్గురు ఒకవైపు వెళ్తే ఆమె ఇంకోవైపు వెళ్తుంది, జీఎం ఆమె వెంట వెళ్తే ముగ్గురు ఖాళీగా కూర్చుంటారు. అలాగని 'అందరితో కలిసిపో' అని స్వభావం మార్చమని అడగొద్దు. నమ్మకపోతే నమ్మకపోనీ, అవసరం ఉంటే చాలు.

'సరే చెల్లాయ్, ఎవరినీ నమ్మదు. ఓడ దాకా ఎలా వెళ్తుంది?'

'పడవ మీదే.'

'పడవ సరంగుది. ఆయన ఊరికే ఎందుకు ఎక్కించుకుంటాడు?'

'వాళ్ళావిడకి నెలలు నిండాయి. తిరిగొచ్చాక పురుడు నేనే పోయాలి.'

చూశారుగా, సరంగు పాత్ర మా మేనల్లుడిది. ఆ ఒక్క మాటతో ఇద్దరూ ఒకరినొకరు వదిలిపెట్టలేని పరిస్థితి వచ్చింది. ప్రతి పాత్రకీ పక్క పాత్రతో ఇలాంటి ఒక్క లంకె ఉండాలి. చుట్టూ కూర్చున్న వరసలోనే లంకెలు వేసుకుంటూ వెళ్ళండి, ఎడమ పక్కవాడితో ఒకటి, చాలు. అందరికీ అందరితోనూ సంబంధాలు పెడితే అది టీవీ సీరియల్ అవుతుంది.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఒకటి, అందరి ముడీ సావుకారుకే వేయొద్దు. సావుకారుని ఒప్పించేస్తే కథ మొదటి గంటలోనే అయిపోతుంది. రెండు, ఒకరి అవసరం మిగతావాళ్ళ అవసరాల్ని తొక్కేసేంత పెద్దది కాకూడదు. ఒకడు మగ్గం విడిపించుకోవడానికి వస్తే, పక్కవాడు కంపెనీని దేశం నుంచి తరిమేయడానికి వచ్చానంటే, రెండు రాత్రులూ రెండోవాడివే. అతన్ని తగ్గించండి: కంపెనీ మొత్తాన్ని కాదు, తన అన్నని కొరడాతో కొట్టించిన ఆ ఒక్క ఉప్పు జవానుని. మూడు, రహస్య ద్రోహాలు వద్దు. దుబాసీ తీసుకున్న మా బావగారు పక్కకి పిలిచి, 'నేను చివర్లో పడవని యానాం వాళ్ళకి పట్టిస్తాను, ఎవరికీ చెప్పకు' అన్నారు. ఆయనకి అది పథకం, మిగతావాళ్ళకి వెన్నుపోటు. మనలో ఒకరు ద్రోహి కావచ్చని నాలుగో మెట్టులో పైకి చదివి, అందరూ సరేనంటేనే అది చెల్లుతుంది. లేకపోతే ఆ రాత్రి ఆటలో మొదలైన కోపం మర్నాడు భోజనాల దగ్గర కూడా ఉంటుంది. ఆయన దుబాసీకి వేరే ముడి వేశాం. ఉప్పు దిగాక చిన్నాపెద్దా అందరి వాటాలూ సావుకారు దగ్గర మాట్లాడేది ఆయనే, నేతగాడికి హామీ ఉన్నదీ ఆయనే. పథకాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి, కానీ అవి పడవ వైపు నిలబడి వేసే పథకాలు.

'నా పాత్ర స్వభావం అంతే' అనే మాట గురించి కూడా చెప్పాలి. తోటివాళ్ళ సంచిలోంచి దొంగిలించి, పడవకి కన్నం పెట్టి, ఈ మాట అంటారు. ఆ స్వభావం రాసుకున్నది ఆటగాడే కాబట్టి మార్చుకోవాల్సిందీ ఆటగాడే. దీన్ని ఆట మధ్యలో వాదించొద్దు. ముడి వేసేటప్పుడే, 'ఇలాంటి సమయం వస్తే నీ పాత్ర మనతో ఉండటానికి కారణం నువ్వే వెతకాలి' అని మాట తీసుకోండి.

చివర్లో ప్రతి ఒక్కరినీ ఇదే ప్రశ్న అడగండి: 'మడ అడవిలో ఉప్పు జవాన్లు తుపాకులతో ఎదురొచ్చారు. నీ పాత్ర నీళ్ళలోకి దూకి ఇంటికి ఎందుకు పోదు?' ఆలోచించకుండా, కథలోని ఒక మనిషి పేరో వస్తువు పేరో వచ్చేట్టు జవాబు చెప్పాడంటే ముడి బిగిసింది. 'అంటే... ఎందుకంటే...' అని నసిగితే మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి రండి. ఎంత రాత్రయినా సరే, ముడి బిగియకుండా సంక్రాంతి నాటి ఆట మొదలుపెట్టొద్దు.

7. మొదటి రాత్రి

మీ కాగితం మీద ఒక్కొక్కరి పేరు పక్కన రెండే మాటలుండాలి: కోరిక, ముడి. కొట్లాట, మగ్గం. నిలదీత, తమ్ముడు. ఆ రెండూ ఒకేచోట కలిసే సీను ఒక్కొక్కరికి ఒకటి ముందే అనుకోండి. ఓడ మీద జ్వరంతో ఉన్న మనిషిని చూడనివ్వని కెప్టెన్ గుమాస్తాని మంత్రసాని నలుగురి ముందు నిలదీయాలి. అలాంటిదన్నమాట.

ఆటని సత్రంలో మొదలుపెట్టొద్దు. ఎవరో ముసలాయన వచ్చి పని అప్పజెప్పడం, వీళ్ళు బేరమాడటం, ఆ గంటంతా వృథా. పడవలో మొదలుపెట్టండి. తాడు విప్పారు, చీకటి, వెనక కోటిపల్లి రేవు దీపాలు. 'సరంగు గారూ, గడ ఎవరి చేతికిస్తున్నారు?' అని మొదటి ప్రశ్న వేయండి.

8. మధ్యలో సరిచూసుకోండి

సంక్రాంతి రాత్రి ఆట ముగిశాక, పడుకోబోయే ముందు ఒక్కొక్కరినీ ఒకటే అడగండి: 'రేపు నీ పాత్ర ముందుగా చేయాలనుకుంటున్న పని ఏంటి?' జవాబు మీ దగ్గరున్న ముడితో సరిపోతే మంచిదే. సరిపోకపోతే ముడిని మార్చండి, ఆటగాణ్ణి కాదు. మా మేనల్లుడికి పురుటి సంగతి కన్నా సావుకారుని ఏడిపించడం నచ్చితే, కనుమ రాత్రికి సావుకారు పడవలోకి వచ్చేస్తాడు.

పాత్ర చచ్చిపోతే కొత్త పాత్రని ఆ క్షణమే తీసుకురావద్దు. అయిదు నిమిషాలు ఆట ఆపి, ఆరో మెట్టులోని ప్రశ్నలే ఆ ఆటగాణ్ణి అడగండి. ముడి కుదిరాకే బల్ల మీదికి. పండగ మధ్యలో అత్తారింటికి వెళ్ళాల్సి వచ్చి ఎవరైనా లేకపోతే, వాళ్ళ పాత్రని ఇంకొకరికి అప్పగించొద్దు. మడ అడవిలో కాపలా పెట్టి వెళ్ళారని చెప్పేయండి, వాళ్ళు వచ్చాక పోటు ఎక్కేలోపు పడవ వచ్చి ఎక్కించుకుంటుంది.